ఆగస్టు రెండున పుట్టినవాళ్లు

బందరు జెండాకు, న్యూయార్కు దివిటీకి, వాషింగ్టన్ నగరానికి ఒకటే తేదీ

తెల్లవారకముందే గిలకలదిండి రేవులో పని మొదలవుతుంది. ఐసు నలగ్గొట్టి బోటు అడుగు గదుల్లో నింపుతారు. డీజిలు, మంచినీళ్లు, నాలుగైదు రోజులకు సరిపడా బియ్యం ఎక్కిస్తారు. పోటు చూసుకుని బోట్లు ఒకదాని వెనుక ఒకటి కాలువలో సాగి, మొగ దాటి, బంగాళాఖాతంలోకి పోతాయి. మొగలో ఇసుక మేట వేసిన రోజుల్లో ఆ పోటు కోసం గంటల తరబడి కాచుకోవాలి. బోటు కొయ్యకు కట్టిన రంగు గుడ్డల్లో మూడురంగుల జెండా కూడా కనిపిస్తుంది. ఒడ్డున నిలబడి చూస్తుంటే ముందు మనుషులు ఆనరు, తరువాత బోటు చుక్కంత అవుతుంది. చివరిదాకా కంటికి అందేది కొయ్య మీది గుడ్డే.

ఆ జెండాకు మొదటి రూపం గీసిన మనిషి ఈ రేవున్న బందరులోనే పాఠాలు చెప్పారు. పేరు పింగళి వెంకయ్య. పుట్టింది 1876 ఆగస్టు 2న, కూచిపూడికి దగ్గర్లో, మొవ్వ మండలం భట్లపెనుమర్రులో.

ఆయనకు 42 ఏళ్ల ముందు, అదే ఆగస్టు 2న, ఫ్రాన్సులో ఒక శిల్పి పుట్టారు. న్యూయార్కు రేవులో నిలబడ్డ స్వేచ్ఛా ప్రతిమ ఆయన చేసినదే. ఆ శిల్పికి సరిగ్గా 80 ఏళ్ల ముందు, మళ్లీ ఆగస్టు 2నే, పారిస్‌లో ఒక చిత్రకారుడి ఇంట ఇంకొకరు పుట్టారు. అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరానికి ప్లాను గీసింది ఆయన. జెండా, విగ్రహం, రాజధాని: ఒక దేశం పేరు చెప్పగానే కళ్ల ముందు మెదిలేవి ఇవే. ఈ మూడింటి వెనుక ఉన్న ముగ్గురిదీ ఒకటే పుట్టినరోజు. ముగ్గురి కథల్లోనూ మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది.

రేవు మీద ఎగిరిన పరాయి జెండాలు

బందరులో పరాసుపేట ఉంది. ఫ్రెంచివాళ్లను మనవాళ్లు పరాసులు అనేవారు. హాలెండువాళ్లు ఉన్న చోటు వలందపాలెం. ఆంగ్లేయులది ఇంగ్లీషుపాలెం. ఈ మూడు పేర్లు చాలు, బందరు చరిత్ర చెప్పడానికి. డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దం మొదట్లోనే ఇక్కడ దిగారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ, 1669లో ఫ్రెంచి కంపెనీ గిడ్డంగులు తెరిచాయి. కలంకారీ గుడ్డ కోసం, సన్న నేత కోసం వచ్చినవాళ్లు కోట కట్టుకుని, తమ తమ జెండాలు ఎత్తుకున్నారు.

1750లో బందరు ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు నాయకత్వంలో ఇంగ్లీషు సేన కోటను పట్టుకునేదాకా ఇక్కడ ఎగిరింది ఫ్రాన్సు రాజుగారి జెండానే. అంటే వాషింగ్టన్ నగరానికి ప్లాను గీసిన ఆ పారిస్ బిడ్డ 1754లో కళ్లు తెరిచేనాటికి, మన బందరు ఆయన రాజుగారి ఏలుబడిలో ఉంది. ఆ తరువాత దాదాపు రెండు వందల ఏళ్లు ఇంగ్లీషు జెండా. మన రేవులో మనదంటూ ఒక జెండా లేదు. పింగళి వెంకయ్య మనసులో ఆ ఊహ ఎందుకు నాటుకుందో అర్థం కావాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

నగరం గీసి, దారిద్య్రంలో పోయిన ఇంజనీరు

పియేర్ చార్లెస్ లాఫాన్ 1754 ఆగస్టు 2న పారిస్‌లో పుట్టారు. తండ్రి చిత్రకారుడు. అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరగబడ్డప్పుడు, 1777లో ఓడెక్కి వెళ్లి జార్జి వాషింగ్టన్ సైన్యంలో ఇంజనీరుగా చేరారు. 1779లో సవానా ముట్టడిలో గాయపడ్డారు. మరుసటి ఏడు చార్లెస్టన్‌లో శత్రువులకు చిక్కి ఖైదీ అయ్యారు. తనది కాని దేశం కోసం ఆ కష్టాలన్నీ పడ్డారు.

1791లో జార్జి వాషింగ్టన్ ఆయన్ని పిలిచి, కొత్త రాజధానికి ప్లాను గీయమన్నారు. అప్పటికి అక్కడున్నవి పొలాలు, అడవి, చిత్తడి. ఆ నేల మీద లాఫాన్ 160 అడుగుల వెడల్పుతో ఐమూలగా సాగే వీధులు ఊహించారు. చట్టసభకు ఒక గుట్ట మీద చోటు చూపారు. దాని ముందు 400 అడుగుల వెడల్పుతో ఒక మహా వీధి గీశారు. ఇప్పుడు నేషనల్ మాల్ అని పిలిచే పచ్చిక మైదానానికి మూలం ఆ గీతే.

మనిషి పట్టుదల గలవాడు, ఎవరి మాటకూ తలొగ్గేవాడు కాదు. తన వీధికి అడ్డొచ్చిందని ఒక పెద్దింటివారి కొత్త ఇల్లు కూలగొట్టించారు. పై అధికారులతో పడలేదు. ఏడాది తిరక్కుండానే 1792లో కొలువు పోయింది. ఇవ్వజూపిన సొమ్ము తన పనికి తగదని తీసుకోలేదు. తరువాత ఏళ్ల తరబడి అమెరికా కాంగ్రెసుకు అర్జీలు పెట్టుకున్నారు. 1825లో మేరీలాండులో ఒక స్నేహితుల కుటుంబం నీడన చనిపోయేనాటికి ఆయన ఆస్తి విలువ 50 డాలర్లు కూడా లేదు. మిగిలినవి కొన్ని గడియారాలు, దిక్సూచులు, పుస్తకాలు, పటాలు, కొలత పనిముట్లు.

84 ఏళ్లు గడిచాక, 1909లో, అమెరికా ఆయన సమాధి తవ్వి అవశేషాలను తీసింది. చట్టసభ భవనంలోని గుండ్రటి మండపంలో ప్రజల దర్శనానికి ఉంచి, ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో, తాను గీసిన నగరం కిందుగా కనిపించే చోట మళ్లీ పూడ్చింది.

రాగి రేకు మీద స్వేచ్ఛ

ఫ్రెడెరిక్ ఆగుస్త్ బర్తోల్ది 1834 ఆగస్టు 2న కొల్మార్‌లో పుట్టారు. 1871 యుద్ధం తరువాత ఆ ఊరు ఫ్రాన్సు చేజారి జర్మనీలో కలిసింది. పుట్టిన గడ్డ మీద పరాయి జెండా ఎగరడం అంటే ఏమిటో ఆయనకూ తెలుసు. మొదట సూయజ్ కాలువ ముఖద్వారంలో చేత దీపం పట్టిన ఈజిప్టు రైతు స్త్రీ రూపంలో ఒక లైట్‌హౌసు కట్టాలనుకున్నారు. అది కుదరలేదు. స్వేచ్ఛకు ఒక గుర్తు ఫ్రాన్సు తరఫున అమెరికాకు కానుకగా ఇవ్వాలన్నది లాబులే అనే పండితుడి ఊహ. దాన్ని బర్తోల్ది భుజాన వేసుకున్నారు.

రెండున్నర మిల్లీమీటర్లకు కాస్త లోపు మందం ఉన్న రాగి రేకులను కొయ్య అచ్చుల మీద సుత్తులతో కొట్టి ఆకారం తెచ్చారు. మన ఇళ్లలో రాగి బిందెను కంచరి ఎలా సాగగొడతాడో తెలిసినవాళ్లకు ఆ పని ఊహకు అందుతుంది. ఇక్కడ బిందె బదులు 151 అడుగుల స్త్రీమూర్తి. లోపలి ఇనుప చట్రం గుస్తావ్ ఈఫిల్‌ది. విగ్రహాన్ని విడదీసి 214 పెట్టెల్లో సర్ది 1885లో ఓడ మీద పంపారు. దిమ్మెకు డబ్బు చాలకపోతే ఒక పత్రిక చందాలు అడిగింది. లక్షా ఇరవై వేలకు పైగా జనం ఇచ్చారు. వాళ్లలో చాలామంది ఇచ్చింది డాలరులోపే. 1886 అక్టోబరు 28న విగ్రహాన్ని ఆవిష్కరించారు.

ఇక్కడ ఒక చిత్రమైన కలయిక ఉంది. పింగళి వెంకయ్య పుట్టిన ఏడాది కొన్ని పుస్తకాల్లో 1876 అనీ, కొన్నింట్లో 1878 అనీ ఉంటుంది. 1876లో స్వేచ్ఛా ప్రతిమ దివిటీ పట్టిన చెయ్యి ఫిలడెల్ఫియా ప్రదర్శనకు వచ్చింది. 1878లో దాని తల పారిస్ ప్రదర్శనలో పెట్టారు. ఏ లెక్క తీసుకున్నా, భట్లపెనుమర్రులో ఆ పసివాడు పుట్టిన ఏడాది, ఆ విగ్రహం తునకలు తునకలుగా లోకం కంట పడుతోంది.

విగ్రహం ఎడమ చేతిలో ఒక పలక ఉంటుంది. దాని మీద చెక్కిన తేదీ 1776 జులై 4, అమెరికా స్వాతంత్య్ర ప్రకటన రోజు. పింగళి వెంకయ్య కన్నుమూసింది కూడా జులై 4నే, 1963లో.

పత్తి వెంకయ్య, జపాన్ వెంకయ్య, జెండా వెంకయ్య

వెంకయ్య బందరు హిందూ హైస్కూల్లో చదివారు. యువకుడిగా సైన్యంలో చేరి, బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీతో పరిచయం అక్కడే మొదలైందని చెబుతారు. తిరిగొచ్చాక రైల్వేలో గార్డుగా చేశారు. మునగాల సంస్థానంలో ఉండి పత్తి రకాల మీద పరిశోధన చేశారు. కంబోడియా పత్తి మీద ఆయన చేసిన పనికి జనం పత్తి వెంకయ్య అన్నారు. 1913లో బాపట్లలో జపాను భాషలో ఉపన్యసిస్తే జపాన్ వెంకయ్య అన్నారు. రత్నాల నేలల గురించి తెలిసినవాడని డైమండ్ వెంకయ్య అన్నారు. ఎన్ని పేర్లు వచ్చినా, చివరికి నిలవాల్సిన పేరు ఒకటే.

కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి బందరులో నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలలో వెంకయ్య అధ్యాపకులయ్యారు. వ్యవసాయం, చరిత్ర చెప్పేవారు. గుర్రపు స్వారీ, వ్యాయామం, సైనిక శిక్షణ నేర్పేవారు. సర్కారు బడులు గుమాస్తాలను తయారుచేస్తున్న రోజుల్లో, దేశం కోసం మనుషుల్ని తయారుచేయాలని పెట్టిన కళాశాల అది. అలాంటి చోట ఉన్నవాడికి జెండా లేని లోటు కంట్లో నలుసులా మెరమెరలాడింది.

1906లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు దాదాభాయి నౌరోజీ అధ్యక్షులు. మన నాయకుల సభలో సైతం బ్రిటిషు జెండాకే వందనం జరగడం వెంకయ్యను కలచివేసిందంటారు. అక్కణ్నుంచి ఆయన ఇదే పనిగా పెట్టుకున్నారు. దేశదేశాల జెండాలు చదివారు. 1916లో మన దేశానికి ఒక జాతీయ జెండా కావాలంటూ 30 నమూనాలతో పుస్తకం అచ్చు వేశారు. ఏటా కాంగ్రెసు సభలకు వెళ్లడం, నాయకుల్ని పట్టుకుని జెండా సంగతి కదపడం ఆయనకు వ్రతమైంది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ కూర్చుంది. జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ జెండా మీద రాట్నం ఉండాలన్నారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం బొమ్మతో ఒక నమూనా ఇమ్మని గాంధీ వెంకయ్యను అడిగారు. మూడు గంటల్లో తయారుచేసి ఇచ్చారు. ఆ మూడు గంటల వెనుక పదిహేనేళ్ల ధ్యాస ఉంది. అప్పటికే కాస్త ఆలస్యమై ఆ జెండా కమిటీ ముందుకు రాలేదు. తరువాత గాంధీ ఆలోచించి, తక్కిన మతాలవారి కోసం తెలుపు కూడా చేర్చాలన్నారు. ఆ నెలలోనే తన యంగ్ ఇండియా పత్రికలో ఈ కథంతా రాస్తూ, బందరు జాతీయ కళాశాల వెంకయ్య పట్టుదలను పేరు పెట్టి మెచ్చుకున్నారు.

ఇవాళ్టి జెండా ఒక్కరి చేతిపని కాదు. 1931లో రంగులు, వాటి వరుస మార్చడానికి ఏడుగురి కమిటీ వేశారు. దానికి కన్వీనరు మళ్లీ మన బందరు డాక్టరు పట్టాభి సీతారామయ్యే. ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించినప్పుడు రాట్నం స్థానంలో 24 ఆకుల అశోక చక్రం చేరింది. వాషింగ్టన్ ప్లానును కూడా లాఫాన్ తరువాత ఆండ్రూ ఎలికాట్ పూర్తిచేశారు. స్వేచ్ఛా ప్రతిమ లాబులే ఊహ, ఈఫిల్ చట్రం లేకుండా నిలబడేది కాదు. గొప్ప గుర్తులన్నీ నలుగురి చేతుల మీదుగానే పూర్తవుతాయి. అయినా, ఎవరూ అడగకముందే ఆ పని తలకెత్తుకుని, నవ్వినవాళ్ల ముందు తిరిగి తిరిగి అలసిపోని మనిషి ఒకరుంటారు. మనం మొదట మరిచిపోయేది ఆ మనిషినే.

స్వాతంత్య్రం వచ్చాక వెంకయ్య పదవులు అడగలేదు, పొందలేదు. బెజవాడ చిట్టినగరులో, మాజీ సైనికుడిగా ప్రభుత్వమిచ్చిన కాస్త జాగాలో గుడిసె వేసుకుని ఉన్నారు. తన శరీరం మీద మూడురంగుల జెండా కప్పమనీ, శ్మశానానికి చేరాక దాన్ని తీసి అక్కడున్న రావిచెట్టుకు కట్టమనీ చివరి కోరికగా చెప్పారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. జెండాను తనతో పాటు కాల్చవద్దన్నది ఆ కోరికలోని అర్థం. ఆయన మీద తపాలా బిళ్ల వచ్చింది 2009లో, పోయిన 46 ఏళ్లకు. 2022 ఆగస్టు 2న ఢిల్లీలో మరో బిళ్ల విడుదలైంది.

మరో ఇద్దరు

ఆగస్టు 2 జాబితా ఇక్కడితో ఆగదు. 1861లో ఆ రోజునే, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న ఖుల్నా ప్రాంతపు రారూలిలో ప్రఫుల్ల చంద్ర రాయ్ పుట్టారు. మన దేశంలో ఆధునిక రసాయన శాస్త్రానికి పునాది వేసి, 1901లో బెంగాల్ కెమికల్స్ కంపెనీని నిలబెట్టిన ఆచార్యుడు. వెంకయ్య బెజవాడలో జెండా గీసిన 1921లోనే ఆయనకు 60 నిండాయి. ఆ ఏటి నుంచి తన జీతాన్ని విశ్వవిద్యాలయానికే వదిలేశారు. ఒంటి మీద ఖద్దరు, ఉండటానికి ఒక గది, అంతే ఆయన సంసారం.

1924 ఆగస్టు 2న న్యూయార్కు హార్లెంలో జేమ్స్ బాల్డ్విన్ పుట్టారు. బర్తోల్ది విగ్రహం కాళ్ల దగ్గర తెగిన సంకెళ్లుంటాయి. అదే నగరంలో ఆ సంకెళ్లు తనవాళ్లకు ఇంకా తెగలేదని జీవితమంతా రాసిన నల్లజాతి రచయిత ఆయన. వెంకయ్య పోయిన 1963లోనే, ఆగస్టు 28న, రెండున్నర లక్షల మంది హక్కుల కోసం వాషింగ్టన్‌లో కదం తొక్కారు. బాల్డ్విన్ ఆ జనంలో ఉన్నారు. వాళ్లంతా గుమికూడింది 1791లో లాఫాన్ ప్లాను గీసిన నగరంలోనే.

కాకతాళీయమే, కానీ

ఇదంతా గ్రహబలం అనుకోనక్కర్లేదు. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. ఏ తేదీ తీసుకున్నా రెండు కోట్ల మందికి పైగా ఆ రోజు పుట్టినవాళ్లుంటారు. గణితం ఇంకో సంగతి చెబుతుంది. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వాళ్లలో ఏ ఇద్దరిదో ఒకే పుట్టినరోజు అయ్యే అవకాశం సగానికి సగం. 23 మందిని ఇద్దరిద్దరుగా జతచేస్తే 253 జంటలు అవుతాయి మరి. 40 మంది పిల్లలున్న తరగతిలో ఆ అవకాశం దాదాపు 89 శాతం. టీచర్లు ఒకసారి హాజరు పట్టీ తిరగేసి చూడవచ్చు.

మన పెద్దవాళ్లకు తేదీ కంటే తిథి, నక్షత్రమే ముఖ్యం. తీరం వెంబడి ఊళ్లలో వయసుకు ఇంకో లెక్క కూడా ఉంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనకు నేను చంకబిడ్డననో, ఉప్పెన వెళ్లిన మరుసటి ఏడు పుట్టాననో చెబుతారు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు తోచిన తేదీ రాసేస్తే, ఒకే ఊళ్లో చాలామంది కాగితాల మీద జూన్ ఒకటినో, జులై ఒకటినో పుట్టినవాళ్లయ్యారు. వాళ్లు పంచుకున్నది మాస్టారి కలం నుంచి వచ్చిన తేదీని.

మన చుట్టుపక్కలే ఇలాంటి కలయికలు ఇంకా ఉన్నాయి. తెలుగు సినిమాకు తండ్రి అనిపించుకున్న రఘుపతి వెంకయ్య 1869 అక్టోబరు 15న మచిలీపట్నంలో, అంటే మన బందరులో, పుట్టారు. అరవై ఏళ్ల తరువాత, 1929 అక్టోబరు 15న, కూచిపూడిలో వెంపటి చినసత్యం పుట్టారు. ఇంకో రెండేళ్లకు అదే తేదీన రామేశ్వరంలో అబ్దుల్ కలాం పుట్టారు.

కాకతాళీయమే అయినా తేదీ వల్ల ఒక మేలుంది. గుర్తులు తమంతట తాము నిలబడతాయి. జెండాను రోజూ చూస్తాం, దాని వెనుక మనిషిని చూడం. ఆ మనిషి పేరు మన నాలుక మీదికి రావాలంటే కేలండరులో ఒక రోజు కావాలి. అమెరికా లాఫాన్‌ను 84 ఏళ్లకు తలుచుకుంది. మనం వెంకయ్యను అంతకంటే కాస్త ముందే తలుచుకున్నాం, అయినా ఆయన బతికుండగా తలుచుకోలేదు. ఈ తప్పు ఒక్కరిది కాదు, అందరిదీ.

2026 ఆగస్టు 2తో పింగళి వెంకయ్య పుట్టి 150 ఏళ్లు నిండుతాయి. ఆ రోజు ఆదివారం. బడులకు సెలవు కాబట్టి, ముందురోజు శనివారమో మర్నాడు సోమవారమో ప్రతి బడిలో ఒక్క పది నిమిషాలు ఆయన కథ చెప్పమని ఉపాధ్యాయులను కోరుతున్నాను. వీలున్నవాళ్లు పిల్లల్ని భట్లపెనుమర్రు తీసుకెళ్లండి. గిలకలదిండి ఒడ్డున నిలబడి, మొగ దాటుతున్న బోటు మీది జెండా ఎవరు చేశారని ఒక పిల్లవాడు అడిగితే, మన దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి: పింగళి వెంకయ్య, భట్లపెనుమర్రు, ఆగస్టు 2.